తలకు దెబ్బ తగిలాక మతిమరుపు: డిప్రెషన్ మందు ఎంతవరకు పనికొస్తుంది?

తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఇంటిల్లిపాదికీ ఉండే ఆరాటం ఒక్కటే, మనిషి దక్కితే చాలునని. ఆ గండం గడిచి ఇంటికి వచ్చిన రెండు మూడు నెలలకు కొత్త బెంగ మొదలవుతుంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. కొట్లో చిల్లర లెక్క తప్పుతుంది. నలుగురు కలిసి మాట్లాడుతుంటే మాట అందుకోవడం కష్టమవుతుంది. మొదలుపెట్టిన పని మధ్యలోనే ఆగిపోతుంది. సీటీ స్కాన్ మళ్లీ తీయిస్తే కొత్తగా ఏమీ కనిపించకపోవచ్చు. ఆ దశలో డాక్టరు రాసిన చీటీలో కొన్నిసార్లు యాంటీడిప్రెసెంట్, అంటే డిప్రెషన్‌కు వాడే మందు, ఉంటుంది. మతిమరుపుకని వెళ్తే దిగులుకు మందు రాశారేమిటని కొందరు దాన్ని పక్కన పడేస్తారు. ఇంకొందరు అది జ్ఞాపకశక్తి పెంచే బిళ్ళేనని నమ్మి, ఎప్పుడు ఆపాలో ఎవరినీ అడక్కుండా ఏళ్లతరబడి వాడుతూ పోతారు. నా ఉద్దేశంలో ఈ రెండూ సరికావు. తలదెబ్బ తిన్న మనిషికి డిప్రెషన్ ఉంటే దానికి వైద్యం చేసి తీరాలి. డిప్రెషన్ లేనప్పుడు కేవలం జ్ఞాపకశక్తి కోసం ఆ మందు ఇవ్వడానికి మాత్రం తగిన ఆధారం ఈనాటికీ లేదు. ఈ మాట ఏ లెక్కన అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా ఆ దెబ్బ మెదడులో చేసే పని చూద్దాం. బైకు మీద నుంచి పడి తల రోడ్డుకు కొట్టుకుందనుకోండి. పుర్రె అక్కడికక్కడే ఆగుతుంది, లోపలి మెదడు మాత్రం ఆ ఊపులో ఇంకా కదులుతూనే ఉంటుంది. పుర్రె అడుగుభాగం, ముఖ్యంగా కనుగుంటల పైన, నున్నగా ఉండదు, ఎముక గట్లు తేలి ఉంటుంది. నుదుటి వెనకా కణతల పక్కా ఉండే మెదడు భాగాలు ఆ గట్లకు ఒరుసుకుని నలుగుతాయి. చేయాల్సిన పనులను వరుసలో పెట్టుకోవడం, తొందరపాటును ఆపుకోవడం, కొత్త సంగతిని గుర్తుంచుకోవడం, ఇవన్నీ ఎక్కువగా ఆ భాగాల మీదే ఆధారపడతాయి. అది చాలదన్నట్టు, మెదడు మెలితిరిగినప్పుడు నరకణాల నుంచి సాగే సన్నని పోగులు లాగినట్టయి దెబ్బతింటాయి, కొన్ని తెగుతాయి. ఈ నష్టం మామూలు సీటీ స్కాన్‌కు చాలాసార్లు అందదు. మెదడు అడుగు నుంచి పై భాగాలకు సెరటోనిన్, నారెపినెఫ్రిన్, డోపమైన్ వంటి రసాయనాలను చేరవేసే పోగులు కూడా ఇందులో ఉంటాయి. యాంటీడిప్రెసెంట్ మందుల్లో ఎక్కువ భాగం పనిచేసేది సరిగ్గా ఈ రసాయనాల మీదే. సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి నరకణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. అందుకే, తగ్గిన రసాయనాన్ని మందుతో నిలబెడితే ఆలోచన కూడా చురుకెక్కుతుందేమోనన్న ఆశ పుట్టింది. ఆ ఆశలో తర్కం ఉంది. కాకపోతే తర్కం బాగున్నంత మాత్రాన మందు పనిచేయాలని లేదు, అది రోగుల్లో తేలవలసిన విషయం.

రెండో కారణం ఇంకా బలమైనది. తలదెబ్బ తర్వాత డిప్రెషన్ రావడం చాలా మామూలు. అమెరికాలోని సియాటిల్ నగరంలో తలదెబ్బతో ఆస్పత్రిలో చేరిన 559 మందిని ఏడాదిపాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 53 శాతం మంది ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన డిప్రెషన్‌లో పడ్డవాళ్లే. అలా పడ్డవాళ్లలో సగం మందికి కూడా దానికి వైద్యం అందలేదు. డిప్రెషన్ అంటే ఏడుపూ దిగులూ మాత్రమే అనుకుంటాం కానీ, అది బుద్ధి పదునును కూడా మందగింపజేస్తుంది. ఆలోచన నెమ్మదిస్తుంది, ధ్యాస నిలవదు, చదివింది తలకెక్కదు, చిన్న నిర్ణయం కూడా కొండంత భారంగా తోస్తుంది. నిద్ర పట్టకపోవడం, తొందరగా అలసిపోవడం, మతిమరుపు, చిరాకు, ఇవి మెదడు గాయం లక్షణాల్లోనూ ఉన్నాయి, డిప్రెషన్ లక్షణాల్లోనూ ఉన్నాయి. కాబట్టి ఒక మనిషి మతిమరుపులో గాయం వాటా ఎంత, డిప్రెషన్ వాటా ఎంత అన్నది పైకి చూసి చెప్పలేం. గాయం వాటాను మందు తుడిచేయలేకపోయినా, డిప్రెషన్ వాటాను తగ్గించగలిగితే రోగికి అదే పెద్ద మేలు కదా అని డాక్టర్లు అనుకోవడం సహజం.

ఈ ఊహకు మొదట బలమిచ్చిన పరిశోధన కూడా సియాటిల్‌లోనే జరిగింది. జెస్సీ ఫాన్ అనే మానసిక వైద్యుడు, సహచరులతో కలిసి, స్వల్ప తలదెబ్బ తర్వాత డిప్రెషన్‌లో ఉన్న 15 మందికి ఎనిమిది వారాలు సెర్ట్రలిన్ ఇచ్చారు. 13 మందిలో డిప్రెషన్ సగానికి సగం, లేదా అంతకన్నా ఎక్కువ తగ్గింది. 2001లో వచ్చిన రెండో నివేదిక ప్రకారం వాళ్ల ఆలోచనా వేగం, విన్నదీ చూసిందీ గుర్తుంచుకునే శక్తి కూడా మెరుగుపడ్డాయి. చదవగానే ఉత్సాహం కలిగే ఫలితమే. అయితే మందు తీసుకోని మరో గుంపును పక్కన పెట్టి పోల్చి చూసిన పరిశోధన కాదది. స్వల్ప తలదెబ్బ తిన్నవాళ్లలో చాలామంది కాలం గడిచేకొద్దీ వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. తగ్గుముఖం పట్టిన జ్వరంలో చివర వేసుకున్న బిళ్ళకు పేరు దక్కినట్టు, అలా వచ్చిన మార్పు మందు ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

పరీక్షలతోనూ ఒక చిక్కుంది. ఆలోచనా వేగాన్ని కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఒక పరీక్షనే తీసుకోండి. కాగితం పైభాగంలో ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో గుర్తు ఉంటాయి. ఒకదానికి అడ్డగీత, ఇంకొకదానికి చిన్న సున్నా, మరొకదానికి కొక్కెం, అలా. కింద వరసల్లో అంకెలు మాత్రమే ఉండి, వాటి కింద గడులు ఖాళీగా ఉంటాయి. తొంభై సెకన్లలోనో, రెండు నిమిషాల్లోనో ఎన్ని గడుల్లో సరైన గుర్తు వేస్తే అన్ని మార్కులు. మొదటిసారి మాటిమాటికీ కళ్లు పైకెత్తి చూసుకోవాలి. అదే పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ పెడితే, పద్ధతి ముందే తెలుసు కాబట్టి, ఏ మందూ తినని వాళ్లు కూడా ఎంతోకొంత ఎక్కువ గడులు నింపుతారు. అలవాటు వల్ల వచ్చిన మార్కులేవో, మందు వల్ల వచ్చిన మార్కులేవో విడదీయాలంటే ఒక్కటే దారి. కొందరికి అసలు మందు, కొందరికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది అందిందో రోగికీ పరీక్షించేవారికీ తెలియకుండా రెండు గుంపులనూ పోల్చాలి.

అలా పోల్చి చూసినప్పుడు ఉత్సాహం చల్లబడింది. 2005లో కొరియా వైద్యులు 30 మందిని మూడు గుంపులు చేసి ఒక గుంపుకు సెర్ట్రలిన్, ఇంకో గుంపుకు మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మందు, మూడో గుంపుకు ఉత్తుత్తి బిళ్ళ నాలుగు వారాలు ఇచ్చారు. దిగులు తగ్గించడంలో రెండు మందులూ దగ్గరదగ్గరగా నిలిచాయి. ఆలోచనలో చురుకుదనం పెంచింది మాత్రం మిథైల్‌ఫెనిడేట్, సెర్ట్రలిన్ కాదు. 2010లో అమెరికాలోని అలబామా పరిశోధకులు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన గాయాలైన 99 మందితో చేసిన పరిశోధన ఫలితాలు చెప్పారు. గాయమైన కొద్ది వారాలకే మొదలుపెట్టి మూడు నెలలు సెర్ట్రలిన్ ఇచ్చి, ఏడాదిపాటు పరీక్షిస్తూ వచ్చినా జ్ఞాపకంలోగానీ ఏకాగ్రతలోగానీ లాభం కనిపించలేదు. 2016లో రికార్డో హోర్హె అనే పరిశోధకుడి బృందం డిప్రెషన్ ఇంకా రాని 94 మందికి ముందుజాగ్రత్తగా ఆరు నెలలు సెర్ట్రలిన్‌నో ఉత్తుత్తి బిళ్ళనో ఇచ్చి చూసింది. మందు తిన్న గుంపులో డిప్రెషన్ బాగా తక్కువ మందికి వచ్చింది. అది మంచి ఫలితం. కానీ అదే పరిశోధనలో ఆలోచనా శక్తి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. మందు మనసు మీద పనిచేసిన చోట కూడా, ఆ మేలు దానంతటదే జ్ఞాపకశక్తిలోకి పారలేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. ముప్పై మంది, తొంభై మంది ఏ మూలకు? అంత చిన్న పరిశోధనల్లో లాభం కనిపించలేదంటే లాభం లేదని అర్థమా? కాదు, నిజమే. కానీ ఆ వాదనకు రెండో వైపు కూడా పదునుంది. చిన్న పరిశోధనలో లాభం కనిపించినా దాన్ని అంతే అనుమానంగా చూడాలి. పక్షవాతం వైద్యంలో ఈ పాఠం ఇప్పటికే నేర్చుకున్నాం. 2011లో ఫ్రాన్సులో 118 మందితో జరిగిన పరిశోధనలో ఫ్లూఆక్సెటిన్ వాడినవాళ్లకు కాలూచేయీ స్వాధీనంలోకి రావడం మెరుగ్గా ఉందని తేలింది. మెదడు గాయాన్ని మాన్పడానికి యాంటీడిప్రెసెంట్ తోడ్పడుతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. 2018లో బ్రిటన్‌లో 3,127 మంది పక్షవాత రోగులతో భారీ పరిశోధన జరిగింది. ఆరు నెలలు ఫ్లూఆక్సెటిన్ వాడినా రోజువారీ పనులు చేసుకునే శక్తిలో తేడా రాలేదు. కొత్తగా డిప్రెషన్ వచ్చినవాళ్లు తగ్గారు, కానీ ఎముకలు విరిగినవాళ్లు సుమారు ఒకటిన్నర శాతం నుంచి దాదాపు మూడు శాతానికి పెరిగారు. పక్షవాతం వేరు, తలదెబ్బ వేరు, ఒకదాని తీర్పును ఇంకోదానికి అతికించలేం. అయినా, తలదెబ్బ విషయంలో అంత పెద్ద పరిశోధన జరిగేదాకా ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో అది నేర్పుతుంది. తలదెబ్బ తర్వాత చాలాకాలం నిలిచిపోయిన ఆలోచనా సమస్యలకు మందులేమైనా పనిచేస్తాయా అని కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించినప్పుడు, దాని నిబంధనలకు నిలిచిన పరిశోధనలు నాలుగే. వాటిలో ఉన్న రోగులు మొత్తం 274 మంది. ఫలానా మందు వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవని ఆ సమీక్ష తేల్చింది.

ఇంకో వాదన ప్రయోగశాల నుంచి వస్తుంది. యాంటీడిప్రెసెంట్లు కొన్నాళ్లు ఇస్తే ఎలుకల మెదడులో హిప్పోక్యాంపస్ అనే జ్ఞాపకాల కేంద్రంలో కొత్త కణాలు ఎక్కువగా పుడతాయని 2000 నుంచీ తెలుసు. మరి కొత్త కణాలు పుడితే పోయిన జ్ఞాపకశక్తి తిరిగిరావాలి కదా? తలదెబ్బ తగిలిన చుంచెలుకల మీద 2011లో వచ్చిన రెండు పరిశోధనలను పక్కపక్కన చదివితే జవాబు దొరుకుతుంది. ఇమిప్రమిన్ ఇచ్చిన చోట కొత్త కణాలూ పెరిగాయి, నేర్చుకునే శక్తీ పెరిగింది. ఫ్లూఆక్సెటిన్ ఇచ్చిన చోట కొత్త కణాలు పెరిగాయి కానీ ఎలుకల పనితీరు బాగుపడలేదు. కణాలు పెరగడం, మనిషి తన పని తాను చేసుకోగలగడం, ఈ రెంటి మధ్య చాలా దూరం ఉంది. ప్రకటనల్లో ఆ దూరం కనిపించదు.

‘పోనీ, వాడి చూస్తే పోయేదేముంది?’ అంటారు కొందరు. పోయేది ఉంది. యాంటీడిప్రెసెంట్లన్నీ ఒక్కటి కావు. తలనొప్పికీ నిద్రకూ రాసే అమిట్రిప్టిలిన్ వంటి పాత మందులు, జ్ఞాపకానికి కీలకమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. మతిమరుపుతో బాధపడేవాడికి అవే మతిమరుపు పెంచవచ్చు. బ్యుప్రోపియాన్ వంటివి ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, తలదెబ్బ తిన్నవాళ్లకు ఆ భయం ముందే ఉంటుంది. సెర్ట్రలిన్ తరగతి మందులు మొత్తం మీద భద్రమైనవే. అయినా కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, రక్తంలో సోడియం పడిపోయేలా చేస్తాయి, అలా పడిపోతే మనిషి అయోమయంలో పడతాడు. ఒళ్లునొప్పులకని వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి రావచ్చు. వీటన్నిటినీ మించిన నష్టం కాలానిది. బిళ్ళే అంతా చూసుకుంటుందని కూర్చుంటే, మెదడుకు మళ్లీ పని నేర్పవలసిన విలువైన నెలలు చేజారిపోతాయి.

ఇప్పుడు అవతలి పక్క నుంచి వచ్చే ప్రశ్న. తలదెబ్బ తర్వాత వచ్చిన డిప్రెషన్ మీద కూడా ఈ మందు ఉత్తుత్తి బిళ్ళను మించలేదని కొన్ని పరిశోధనలు అంటున్నాయి కదా, అలాంటప్పుడు డిప్రెషన్‌కైనా ఎందుకివ్వాలి? మాట వాస్తవమే. 2009లో 52 మందితో చేసినదాంట్లోనూ, ఫాన్ బృందమే 2017లో 62 మందితో చేసినదాంట్లోనూ డిప్రెషన్ తగ్గడంలో సెర్ట్రలిన్‌కూ ఉత్తుత్తి బిళ్ళకూ స్పష్టమైన తేడా తేలలేదు. పదిహేను మందితో ఆశ పుట్టించిన పరిశోధకుడే, పోల్చి చూసి ఆ ఆశకు హద్దు గీశాడన్నమాట. కానీ ఆ పరిశోధనల్లో రెండు గుంపులూ మెరుగుపడ్డాయన్నది మరిచిపోకూడదు. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా పిలిచి, కూర్చోబెట్టి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మనసెలా ఉంది అని అడిగితేనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పైగా తలదెబ్బ లేని మామూలు డిప్రెషన్‌లో ఈ మందులకు వేలమందితో చేసిన పరిశోధనల దన్ను ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, వైద్యం చేయకుండా వదిలేయడంలో ఉన్న ముప్పు. డెన్మార్క్‌లో 1980 నుంచి 2014 దాకా 70 లక్షల మందికి పైగా జనాభా రికార్డులు పరిశీలిస్తే, తలదెబ్బతో ఆస్పత్రికి వెళ్లినవాళ్లలో ఆత్మహత్యల రేటు మిగతావాళ్లకన్నా దాదాపు రెట్టింపు ఉంది. ఇంత దెబ్బ తగిలాక దిగులు ఉండదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకోవడం ఇక్కడే ప్రమాదం. బాధకు కారణం తెలిసినంత మాత్రాన అది వైద్యం అక్కర్లేని బాధ అయిపోదు.

మరి మతిమరుపుకు ఏం చేయాలి? మొదటి పని, మందుల సంచి ఒకసారి డాక్టరు ముందు బోర్లించడం. వాడుతున్న మందుల్లోనే ఆలోచనను మందగింపజేసేవి ఉండవచ్చు. ఉదాహరణకు, ఫిట్స్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే ఫెనిటాయిన్ మీద 1990లో సియాటిల్‌లోనే పెద్ద పరిశోధన జరిగింది. అది మొదటి వారంలో ఫిట్స్‌ను తగ్గిస్తుంది కానీ ఆ తర్వాత వచ్చేవాటిని ఆపలేదని తేలింది. తీవ్ర గాయమైనవాళ్లలో ఆలోచనను అది మందగింపజేస్తుందని మరుసటేడు అదే చోటి పరిశోధకులు చూపించారు. ఒక్కసారి కూడా ఫిట్స్ రానివాళ్లు, ‘ఈ బిళ్ళ ఇంకా అవసరమా?’ అని డాక్టరును అడగాలి, అడక్కుండా సొంతంగా ఆపకూడదు. రెండో పని, నిద్రను సరిచేయడం, మద్యం పూర్తిగా మానేయడం. మూడోది, సాధన. జేబులో ఒక డైరీ, సెల్‌ఫోన్‌లో అలారాలు, ఇంట్లో తాళాలకూ కళ్లజోడుకూ ఒకే చోటు, ఒకసారికి ఒకే పని, మధ్యలో కాస్త విరామం. వినడానికి ఇవి చిన్న విషయాలే. కానీ ఇలాంటి ఆసరాలను శిక్షణ పొందినవాళ్ల దగ్గర క్రమంగా నేర్చుకోవడాన్నే జ్ఞాపక లోపాలకు పునరావాస మార్గదర్శకాలు ముందుగా సిఫారసు చేస్తాయి. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే హెల్మెట్ లేక రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 50,029 మంది. బతికి బయటపడి, తలదెబ్బతో ఇల్లు చేరేవాళ్లూ ఎందరో ఉంటారు. వాళ్లకు ఇలాంటి శిక్షణ పెద్ద నగరాలు దాటితే దొరకడం కష్టం. బిళ్ళ మాత్రం ప్రతి ఊళ్లో దొరుకుతుంది. బిళ్ళ మీద మనకున్న అతినమ్మకంలో సగానికి కారణం ఈ కొరతే.

కాబట్టి శ్రోతలకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో తలదెబ్బ తిన్నవాళ్లు ఉండి, డాక్టరు యాంటీడిప్రెసెంట్ రాస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది డిప్రెషన్‌కా, నిద్రకా, నొప్పికా, జ్ఞాపకానికా? పనిచేస్తోందని ఏ మార్పును బట్టి, ఎన్ని వారాల్లో తెలుసుకోవాలి? పనిచేయకపోతే ఎలా ఆపాలి? డాక్టరు ఏమీ రాయకపోయినా, మనిషి రెండు వారాలకు మించి దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే ఆ సంగతి మీరే డాక్టరుకు చెప్పండి. చావు మాట ఎత్తితే ఒక్క పూట కూడా ఆగవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. డిప్రెషన్ మందు డిప్రెషన్‌కు వైద్యం. జ్ఞాపకశక్తికి అది మందని రుజువయ్యేదాకా, జ్ఞాపకానికి చేయవలసిన సాధనను దానికోసం వాయిదా వేయకండి.